మా వరుసలో ఎవరికీ లేని పన్ను

నా కుడి దవడలో ఒక కింది పన్ను నాది కాదు. రాజమండ్రిలో డాక్టరు గారు పెట్టింది. ఎముకలో దిగిన టైటానియం మర ఒకటి, దాని మీద కూర్చునే మధ్య ముక్క ఒకటి, పైన పన్ను రంగు క్యాపు. వీటన్నిటినీ కలిపి పట్టుకునే స్క్రూ వడ్లగింజంత ఉంటుంది. ఆ వడ్లగింజ ఆరు నెలల్లో మూడుసార్లు వదులైంది. మూడుసార్లూ తప్పు నా తిండి మీదే వేశారు. నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను.

నేను కడియం దగ్గర ఒక నర్సరీలో అంట్లు కడతాను. ఈ పని పట్టి ముప్పై ఏళ్ళు దాటింది. పదో తరగతి ప్యాసయ్యాక టైపు నేర్చుకోమన్నారు ఇంట్లో. మా అమ్మ పక్కన గోనెపట్టా మీద కూర్చుని కత్తి పట్టుకున్నాను. టెంక నుంచి మొలిచిన మామిడి మొక్క తల కోసి, కాండాన్ని నిలువునా చీల్చి, మంచి చెట్టు నుంచి తెచ్చిన పుల్లను రెండు వైపులా చెక్కి ఆ చీలికలో దించాలి. దించాక ఎడమచేతి వేళ్ళు అతుకును నొక్కి పట్టుకునే ఉండాలి, వెంట్రుకవాసి కదిలినా అంటు చచ్చిపోతుంది. కుడిచెయ్యి ప్లాస్టిక్ టేపు చుట్టాలి. చేతులు రెండే, పని మూడు చేతులది. ఆ మూడోది నోరు. షేడ్ నెట్ కింద మాకు ఏడాది పొడవునా ఏదో ఒక అంటు పని ఉంటుంది, మామిడి కాకపోతే సపోటా, సపోటా కాకపోతే జామ. మా చేతుల మీదుగా వెళ్ళిన మొక్కలు ఏ రాష్ట్రంలో ఏ తోటలో కాస్తున్నాయో మాకు తెలియదు. లారీ డ్రైవర్లకు కూడా సగమే తెలుసు.

మా అమ్మకు నలభై అయిదో ఏట కుడి దవడ పన్ను పోయింది. తర్వాత దాని పక్కది. యాభై అయిదు వచ్చేసరికి నోరంతా ఖాళీ చేసి, తీసి పెట్టుకునే సెట్టు ఇచ్చారు. ఆ సెట్టు ఆమె నోట్లో కంటే స్టీలు గ్లాసులోనే ఎక్కువ ఉండేది. మా చర్చిలో కోత పండుగ రోజున ప్రేమవిందు పెడతారు, అందరం వరుసల్లో కూర్చుని మాంసం కూరతో అన్నం తింటాం. అమ్మ తన ముక్కలన్నీ నా ఆకులో వేసేసి, "నాకు పులుసు చాల్లేవే" అనేది. ఆ పులుసన్నం మింగుతూ నా నోటి వంక చూసేది. పిల్ల తింటుంటే సంతోషపడుతోంది అనుకునేదాన్ని. నాకు నలభై దాటాక తెలిసింది, ఆమె చూసింది నన్ను కాదు, ముక్కను. నేను ఆమెలా పులుసుతో సరిపెట్టుకోనని అప్పుడే అనుకున్నాను. గ్లాసులో పళ్ళు పెట్టుకుని పడుకోనని కూడా.

నాకూ అదే దవడలో పన్ను పగిలింది. రూట్ కెనాల్ చేసి క్యాపు వేశారు, అది మళ్ళీ నిలువునా చీలింది. ఇక తీసేయడమే అన్నారు. సెట్టు వద్దన్నాను. అయితే ఇంప్లాంట్ పెట్టుకోండి అన్నారు డాక్టరు గారు. కుర్రవాడే, చెయ్యి తేలిక, మాట కాస్త తొందర. మర ఎముకలో దించి నెలల తరబడి ఆగాలన్నారు, ఎముక దాన్ని పట్టుకునేదాకా. అది నాకు ఒకరు చెప్పాల్సిన విషయం కాదు. ఆగడమే కదా నా బతుకంతా చేసిన పని. నా ఓపిక చూసి డాక్టరు గారే మెచ్చుకున్నారు. మే నెలలో క్యాపు బిగించారు. ఆ రోజు ఇంటికొచ్చి అద్దంలో నోరు తెరిచి చూసుకుంటుంటే మా ఆయన, "కొత్త పన్నుతో పాత మాటలు మాత్రం మాట్లాడకే" అన్నారు.

జూలైలో ఒక సాయంత్రం జంతిక కొరికాను. లోపల టిక్కుమంది. నాలుకతో తోస్తే పన్ను ఊగింది. నొప్పి లేదు, ఉత్త ఊగడమే. ఇనుము నాకినట్టు ఒక పాడు రుచి.

డాక్టరు గారు క్యాపు మీది తెల్లటి పూత తీసి, కన్నంలోంచి చిన్న రెంచీ దించి తిప్పారు. టక్కుమని ఆగింది. "అయిపోయిందాంటీ. స్క్రూ లూజయిందంతే. గట్టివి తినకండి. జంతికలు, చెరుకు, తేగలు, ఎముక మూలుగులు, ఇవన్నీ మానేయండి."

"అన్నీ మానేస్తే ఈ పన్ను ఎందుకండీ మరి, నవ్వడానికా?" అన్నాను.

ఆయన నవ్వి గ్లవ్స్ తీసేశారు. నేను సగం మానాను. జంతికలు మానాను, చెరుకు మానాను. తేగలకు ఎలాగూ చలికాలం దాకా గడువుంది. ఎముక మూలుగు మాత్రం ఎడమవైపు పెట్టుకుని పీల్చాను, దాచడం ఎందుకు.

సెప్టెంబరులో మళ్ళీ టిక్కు. అప్పుడు తింటున్నది ఏంటో తెలుసా? ఇడ్లీ. ఇడ్లీకి స్క్రూ వదులవుతుందని ఎవరైనా అంటే ముందు నేనే నవ్వుతాను. డాక్టరు గారు మాత్రం నవ్వలేదు. "ఇడ్లీ వల్ల కాదాంటీ, అంతకుముందు తిన్నవాటి వల్ల. మొత్తం మెత్తనివే తినండి, చూద్దాం" అన్నారు. మళ్ళీ రెంచీ, మళ్ళీ టక్కు. ఇంటికొస్తే మా ఆయన, "నీ నోటికి స్క్రూ బిగించేవాడు ఇంకా పుట్టలేదు" అని తేల్చేశారు.

నాకు పంతం వచ్చింది. అవి ఈస్టరు ముందు ఉపవాసం పట్టే లెంటు రోజులు కావు, అయినా నలభై రోజులు పట్టాను. పప్పన్నం, పెరుగన్నం, ఇడ్లీ, ఉప్మా. వేయించిన చేప వాసన వస్తుంటే లేచి పెరట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఏ పూట ఏం తిన్నానో నోటుబుక్కులో రాశాను. చర్చిలో స్త్రీల సమాజం మినిట్స్ రాసేది నేనే, రాయడం నాకు అలవాటే. నలభై రోజుల్లో ఒక్క శనగగింజ కూడా కొరకలేదు. కొరికి ఉంటే అది కూడా రాసేదాన్ని, నాకు నోరు ఎక్కువే గాని అబద్ధం తక్కువ.

నలభై రెండో రోజు పన్ను ఊగింది.

నోటుబుక్కు పట్టుకుని రాజమండ్రి వెళ్ళాను. డాక్టరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన మొదటి పేజీ చూశారు, రెండోది తిప్పలేదు. "ఆంటీ, ఇదంతా బాగానే ఉంది. కానీ స్క్రూ అబద్ధం చెప్పదు కదా. ఏదో ఒకటి గట్టిది కొరుకుతున్నారు మీరు. దొంగతనంగా తిన్నా పర్లేదు, నాకు నిజం చెప్పండి" అన్నారు, చిన్నపిల్లతో మాట్లాడినట్టు.

యాభై రెండేళ్ళ మనిషిని. దొంగతనంగా తిన్నానట.

"ఈసారి వదులైతే స్క్రూ లోపల విరిగిపోవచ్చు. విరిగితే తియ్యడం కష్టం. ఒక్కోసారి మొత్తం మరే తీసేయాల్సొస్తుంది. అప్పుడిక తీసి పెట్టుకునే సెట్టే మంచిదాంటీ. మీ వయసుకి అదే హాయి" అని కూడా అన్నారు. బిగించి పంపేశారు. ఆటోలో కూర్చున్నాక నోటుబుక్కు సంచిలో కుక్కేశాను. నా కోపం సెట్టు అనే మాటకు కాదు, హాయి అన్నందుకు. మా అమ్మ హాయి నేను చూశాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, బిగింపు నిలవకపోతే నా నోరు ఓడా? ఇక ఆయన చెప్పేదాకా ఆగకూడదు, ఎందుకు వదులవుతోందో నేనే కనిపెట్టాలి అనుకున్నాను.

ఆ ఆదివారమే కోత పండుగ. ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో వరుసలు వేశారు. మా నర్సరీ ఆడవాళ్ళం ఏడుగురం ఎప్పుడూ ఒక వరుసలోనే కూర్చుంటాం. ఆ రోజు నేను వడ్డించే పనిలో ఉన్నాను. ఎప్పుడు ఊగుతుందో తెలియని పన్ను నోట్లో పెట్టుకుని కూర్చుంటే ఏడుపొస్తుందని నేనే బకెట్టు తీసుకున్నాను. మాంసం కూర వడ్డిస్తూ వరుస చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూశాను.

ఎదుటి వరుసలో టీచర్లు, గుమస్తాల ఆడవాళ్ళు, పొలం పనికెళ్ళేవాళ్ళు కలిసి కూర్చున్నారు. ఎవరి దవడ ఎటు పడితే అటు ఆడుతోంది. మా వరుస చూశాను. అందరి బుగ్గా ఒకేవైపు ఉబ్బుతోంది. ఎడమవైపు. కుడివైపు ఎవరూ నమలడం లేదు. బకెట్టు కింద పెట్టి మళ్ళీ చూశాను. ఆరుగురిలో అయిదుగురు ఎడమ దవడ. ఒక్కామె మాత్రం కుడి దవడ. ఆమె అన్నం కలుపుతున్న చెయ్యి చూశాను, ఎడమ చెయ్యి. చిన్నప్పుడు ఎంత కొట్టినా మానలేదని చెబుతుంటుంది. కత్తి కూడా ఎడమచేత్తోనే పడుతుంది.

దగ్గరికి వెళ్ళి వంగి, "ఒక్కసారి నోరు తెరూ" అన్నాను. ముక్క నోట్లో ఉండగానే తెరిచింది. ఎడమవైపు కింది పన్ను లేదు. పక్కనున్న మా వదినను అడిగాను. మా వదిన అంటే మా ఆయన అక్క, మా వరుసలో అంటు పనికి అందరికంటే పాత చెయ్యి. "విందు మధ్యలో పళ్ళ పరీక్షేంటే?" అని కసిరింది గాని తెరిచింది. కుడివైపు ఖాళీ. ఆ పక్కామె, కుడివైపు ఖాళీ. ఆ పక్కామెకు పన్ను ఉంది, పగిలి సగం మిగిలింది.

ఇంతకాలం మేం ఎవరి పన్నుకు వాళ్ళం ఒక కారణం చెప్పుకున్నాం. ఒకామె కాన్పులన్నది, ఒకామె బోరు నీళ్ళన్నది, వదిన కిళ్ళీ అన్నది, మా అమ్మ వయసన్నది. ఏడుగురికి ఒకే చోట వయసు వస్తుందా? ఆ రోజు నేను అన్నం తినలేదు. ఆకలి వెయ్యలేదు, కోపంతో కడుపు నిండిపోయింది.

సోమవారం ఉదయం నా పీట మా వదినకు ఎదురుగా వేసుకుని చూశాను. పుల్ల దించింది. ఎడమ వేళ్ళతో నొక్కింది. టేపు కొసను కుడి దవడ పళ్ళ మధ్య పెట్టి కరిచింది. కుడిచెయ్యి అతుకు చుట్టూ చుట్టుకొచ్చింది, చుట్టుచుట్టుకూ తల పక్కకు ఒక్క గుంజు గుంజింది. చివర ముడి వేసేటప్పుడు ఇంకా గట్టి గుంజు. కిందపెట్టి ఇంకో మొక్క. రోజంతా అంతే. నేనూ అంతే, ముప్పై ఏళ్ళుగా. నలభై రోజుల పప్పన్నం నోటుబుక్కులో నేను రాయని మేత ఇదొక్కటే. తినేది కాదు గనక రాయలేదు. మింగని దాన్ని నమలడం అని ఎవరనుకుంటారు?

మరుసటి రోజు సెలవు పెట్టి ఒక టెంక మొక్క, ఒక పుల్ల, కత్తి, టేపు చుట్ట సంచిలో వేసుకుని రాజమండ్రి వెళ్ళాను. రిసెప్షన్‌లో అమ్మాయి కత్తి చూసి లేచి నిలబడింది. డాక్టరు గారు కూడా కాస్త కుర్చీ వెనక్కి జరిపారు. "భయపడకండి, కోసేది మొక్కనే" అన్నాను. ఆయన బల్ల మీదే మొక్క తల కోసి, పుల్ల దించి, టేపు నోట కరిచాను. "ఇప్పుడు మీ వేలు నా క్యాపు మీద పెట్టండి" అని పళ్ళ మధ్య నుంచే చెప్పాను. గ్లవ్ వేసుకుని పెట్టారు. నేను గుంజాను. ఆయన వేలు ఉలిక్కిపడింది.

"ఇంకోసారి చెయ్యండి" అన్నారు. చేశాను. మూడోసారి ఆయన చేయమనలేదు, కుర్చీలో వెనక్కి వాలి, "రోజుకి ఎన్నిసార్లు చేస్తారిది?" అన్నారు. అంటుకు పదిసార్లన్నా గుంజుతాం, అంట్లు వందల్లో కడతాం, మీరే లెక్క చూసుకోండన్నాను.

అప్పుడు తీశారు అలమరలోంచి ప్లాస్టిక్ దవడ బొమ్మ. దాంట్లో నా నోట్లోలాంటి మర, మధ్య ముక్క, స్క్రూ ఉన్నాయి. మొదటిసారి ఆయన నాకు ఆంటీకి చెప్పినట్టు కాకుండా మనిషికి చెప్పినట్టు చెప్పారు. పైనుంచి నొక్కితే ముక్క ముక్కలోకి ఇంకా దిగి కూర్చుంటుంది, దానివల్ల పెద్ద ప్రమాదం లేదు. పక్కకు లాగితే ఒక అంచు నొక్కుకుపోతుంది, రెండో అంచు కంటికి కనపడనంత పైకి లేస్తుంది. లేచిన ప్రతిసారీ బరువంతా స్క్రూ మీద పడుతుంది. వేలసార్లు లేచి పడితే స్క్రూ పట్టు వదిలేస్తుంది. అన్నం నమిలే దవడ కూడా కాస్త పక్కకు ఆడుతుంది గాని, మేం గుంజినట్టు ఎవరూ గుంజరట.

"అంటే పక్కగాలి" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. కొత్త అంటు మీద వాన నిలువుగా పడితే ఏమీ కాదని, పక్కగాలి ఊపితేనే అతుకు విడుతుందని, అందుకే గాలి వచ్చేవైపు తడికలు కడతామని చెప్పాను. స్క్రూ ఎలా పట్టుకుంటుందని అడిగాను. బిగించినప్పుడు అది లోపల కాస్త సాగుతుందట. సాగింది వెనక్కి ముడుచుకోవాలని చూస్తుంది, ఆ ముడుచుకునే బలమే రెండు ముక్కలనూ కరిపించి ఉంచుతుందట. మా టేపు కూడా అంతే. సాగదీయకుండా ఎన్ని చుట్లు చుట్టినా పట్టు ఉండదు. సాగదీసి చుడితేనే అది ముడుచుకుంటూ అతుకును నొక్కుతుంది. దానికోసమే కదా పళ్ళతో గుంజేది! ఈ సంగతి ఆయన ఏళ్ళ తరబడి చదువుకున్నారు, నేను గోనెపట్టా మీద నేర్చుకున్నాను. ఇద్దరం ఒకే చోటికి వచ్చాం, అయితే నా నోరు అరిగింది.

ఒక్క తేడా మాత్రం ఆయన చెప్పాకే తెలిసింది. అంటు అతుక్కున్నాక టేపు విప్పేస్తాం, ఇక దానితో పనిలేదు, కింది మొక్కా పై పుల్లా ఒకటైపోతాయి. నా దవడలో ఎముకకూ మరకూ అలాగే అతుకు పడింది. కానీ మరకూ మధ్య ముక్కకూ ఎన్నేళ్ళకైనా అతుకు పడదు. లోహమూ లోహమూ ఒకటి కావు. అక్కడ ఎప్పటికీ స్క్రూ పట్టుకునే ఉండాలి.

"అయితే ఒకటే దారండి. ఆ పని మానేయండి" అన్నారు డాక్టరు గారు.

"పని మాననండి. పన్నూ వదలను" అన్నాను. "మీ పని మీరు చెయ్యండి, నా పని సంగతి నేను చూసుకుంటాను."

ఆయన పాత స్క్రూ తీసి పారేసి కొత్తది వేశారు. బిగించి, పది నిమిషాలు కూర్చోబెట్టి, మళ్ళీ బిగించారు. రెండోసారి కాస్త తిరిగింది. మేం కూడా మొదటి చుట్టు సర్దుకున్నాక ఇంకో గుంజు గుంజుతాం, ఆ పద్ధతి నాకు నచ్చింది. క్యాపు అంచులు కొంచెం అరగదీసి, పక్క దెబ్బ తగ్గేలా చేశారు. దొంగతనంగా తిన్నానన్న మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు. ఆయన మరిచిపోయారేమో, నేను మరవలేదు.

నోటికి బదులు ఏం పెట్టాలా అని రెండు రోజులు ఆలోచించాను. బట్టల క్లిప్పు జారిపోయింది. మేకుకు కడితే ప్రతిసారీ ముడి విప్పాలి. చివరికి జానెడు వెదురుబద్ద తీసుకుని పైనుంచి సగం దాకా చీల్చాను, అంటు కోసం కాండాన్ని చీల్చినట్టే. పీట పక్కన నేలలో దిగ్గొట్టాను. టేపు కొస ఆ చీలికలో దింపితే వెదురు కరిచి పట్టుకుంటుంది. మొక్క పట్టుకున్న చెయ్యిని వెనక్కి జరిపితే టేపు సాగుతుంది. తల కదలదు, దవడ కదలదు.

చెప్పినంత తేలిక కాదు. ముప్పై ఏళ్ళ అలవాటు, టేపు చేతికి రాగానే నోరు దానంతటదే తెరుచుకునేది. మొదటి వారం నా అంట్లు సగానికి పడిపోయాయి. మా వదిన నవ్వింది. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. పోయే పన్ను ఎలాగూ పోద్దే. పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం?" అంది.

"నీకు రాయి దొరికింది, ఊడింది. నాకింకా ఉందమ్మా" అన్నాను.

నర్సరీ బాబుగారు రెండో వారం వచ్చి నా వెనక నిలబడ్డారు. మంచివారే, మొక్క మీద ఉన్న కన్ను మనిషి మీద ఉండదు అంతే. "ఏంటమ్మా ఇది, ఆటలాడుకుంటున్నావా? అంట్లు కట్టలేకపోతే సంచుల్లో మట్టి నింపే పనికెళ్ళు. అక్కడ పళ్ళక్కర్లేదు" అన్నారు. మట్టి నింపే పనిలో తప్పేం లేదు. కానీ ముప్పై ఏళ్ళ కత్తిని దించి, నోరు కాపాడుకున్నానన్న నేరానికి అక్కడికి పొమ్మంటే ఎవరు పోతారు?

నేను లేవలేదు. "బాబుగారండి, మా అమ్మ మీ నాన్నగారి దగ్గర కట్టింది. ఆమె పళ్ళన్నీ మీ తోటల్లోనే పోయాయి, ఆమెకీ తెలీదు, మీకూ తెలీదు. నాకు తెలిసింది. ఇరవై రోజులు చూడండి. తగ్గితే నన్ను పంపండి. అంతేగాని ఈ పీట మీంచి నన్ను లేపలేరు" అన్నాను. వరుసంతా కత్తులు ఆపి చూస్తోంది. ఆయన ముఖం ఎర్రబడింది. గిరుక్కున తిరిగి వెళ్ళిపోయారు. ఆ మధ్యాహ్నం అంత మాట అన్నందుకు భయమూ వేసింది. అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఇరవై రోజులకు పాత వేగం పూర్తిగా రాలేదు, దాదాపు వచ్చింది. ఆలోగా మొదట వెదురుతో కట్టిన అంట్లు చిగురు వేశాయి. బాబుగారు ఒక మొక్క తీసి అతుకు దగ్గర పట్టుకుని పుల్లను అటూ ఇటూ వంచి చూశారు. కదల్లేదు. మొక్క దాని స్థానంలో పెట్టేసి వెళ్ళిపోయారు. మట్టి పని ఊసు మళ్ళీ ఎత్తలేదు. మా బాబుగారికి మెచ్చుకోవడం అంటే అదే.

ఆ తర్వాత ఒక రోజు అన్నాలు తినేవేళ మా వదిన నా పక్కకు జరిగి, ఎటో చూస్తూ, "ఆ ఊడినదాని పక్క పన్ను కూడా ఊగుతోందే" అంది. గిన్నె మూత పెడుతూ, "ఆ వెదురుముక్క నాకూ ఒకటి చెక్కు" అంది. ఆ వారంలో ఆరు చెక్కాను. ఎడమచేతి ఆమెకు ఎడమవైపు దిగ్గొట్టాను.

ఫిబ్రవరిలో డాక్టరు గారు చెకప్‌కు రమ్మన్నారు. ఒక్కదాన్నే వెళ్ళలేదు. మా వరుసనంతా రెండు ఆటోల్లో ఎక్కించాను, ఒకటి మా ఆయనే తోలారు. వాళ్ళను హాల్లో సోఫాల మీద కూర్చోబెట్టి నేను లోపలికి వెళ్ళాను. డాక్టరు గారు పూత తీసి రెంచీ దించి తిప్పారు. తిరగలేదు. ఇంకాస్త బలం పెట్టారు. టక్కుమంది గాని స్క్రూ వెంట్రుకవాసి కూడా కదల్లేదు. "ఎక్కడ బిగించానో అక్కడే ఉందండి" అన్నారు. ఆంటీ అనలేదు.

"బయటికి ఒకసారి రండి" అన్నాను.

మా ఆరుగురూ తలమీద కొంగులు సర్దుకుని వరుసగా కూర్చుని ఉన్నారు. "తెరవండమ్మా" అన్నాను. తెరిచారు. డాక్టరు గారు చిన్న టార్చి పట్టుకుని మొదటి నోట్లో చూశారు. రెండో నోట్లో చూశారు. మూడో మనిషి దగ్గర ఆగి, తిరిగి మొదటి మనిషి దగ్గరికి వచ్చారు. చివర ఎడమచేతి ఆమె నోట్లో చూసి, "ఈమెకి మాత్రం ఎడమ..." అని ఆగిపోయారు. ఆమె ఎడమ చెయ్యి పైకెత్తి చూపించింది.

ఆయన టార్చి ఆర్పేశారు. "ఆ రోజు మిమ్మల్ని దొంగతనంగా తిన్నారని అన్నాను. క్షమించండమ్మా" అన్నారు. అందరి ముందూ అన్నారు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఆపుకోలేదు.

"మా అమ్మది చూడలేదు మీరు" అన్నాను. "ఆమెది ఎవరూ చూడలేదు. వయసన్నారు. వయసు కాదండి డాక్టరు గారు, అది పని."

సంచిలోంచి కాల్చిన తేగల కట్ట తీశాను. ఒకటి ఒలిచి, అక్కడే, ఆయన ముందే, కుడి దవడ కింద పెట్టి నిలువుగా కొరికాను. ఆయన అడ్డం చెప్పడానికి చెయ్యెత్తి, దించేశారు. టిక్కుమనలేదు. పీచు తెగింది. నెమ్మదిగా నమిలాను, మా అమ్మ వంతు కూడా నేనే నమిలాను.